హ్యాండ్‌బ్రేక్ లాగిన చెయ్యి

వాన వెలిసింది గానీ రోడ్డింకా ఆరలేదు. ఆడపడుచు కొత్తిల్లు చూడ్డానికి ఆమె, భర్త, అత్తగారు, పాప నలుగురూ కారులో బయల్దేరారు. పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా పనిచేసే ఆమె రోజూ ఆ పాత కారు నడిపేది. రంగుల దుకాణం ఉన్న భర్తకూ లైసెన్సు ఉంది గానీ, స్టీరింగు ముట్టుకునేది ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు. అయినా పక్క సీట్లో కూర్చుంటే చాలు, ఆయన నోటికి పగ్గాలుండవు.

"ఇండికేటర్ వెయ్యి. ఆ బండికి అంత దగ్గరగా ఎందుకు? హారన్, హారన్!"

"ఏమండీ, కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."

వెనకసీట్లో అత్తగారు. ఆవిడ భుజానికి తల ఆనించి పాప నిద్రపోతోంది.

మలుపులో ఏదో ట్రాక్టరు జార్చిన బురద పరుచుకుని ఉంది. చక్రాలు దాని మీదికి ఎక్కగానే కారు వెనకభాగం కుడివైపుకి జారింది.

"బ్రేక్! బ్రేక్ తొక్కు!" భర్త అరిచాడు.

ఆమె తొక్కలేదు. తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి కారు మరీ జారుతుందని ఆమెకు తెలుసు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. వెనకభాగం ఎటు జారుతోందో అటే స్టీరింగు కొద్దిగా తిప్పి, రోడ్డు పక్క గుంట వైపు కాకుండా వెళ్లాల్సిన దారి వైపే చూసింది. టైర్లకు పట్టు చిక్కుతున్నట్టు అరచేతులకు తెలిసింది. కారు దారిలో పడుతోంది.

అంతలో ఆయన చెయ్యి చాచి హ్యాండ్‌బ్రేక్ లాగేశాడు.

వెనక చక్రాలు బిగుసుకున్నాయి. కారు బొంగరంలా గిర్రున తిరిగి, రోడ్డు పక్కనున్న కంకర కుప్పకు గుద్దుకుని, వచ్చిన దారికే మొహం పెట్టి ఆగింది. ఎదురుగా వస్తున్న బస్సు హారన్ మోగిస్తూ వెంట్రుకవాసిలో తప్పుకుపోయింది. పాప కెవ్వుమంది.

"చూశావా? నేను లాగకపోతే గుంటలో ఉండేవాళ్లం," అన్నాడాయన.

ఆమె వెనక్కి తిరిగింది. పాప నుదుటి మీద బొప్పి చూసింది. దిగి టైర్లు చూసింది. మళ్లీ ఎక్కి మెల్లగా నడిపింది.

ఆడపడుచు ఇంట్లో ఆయన చెప్పులు విప్పకముందే మొదలెట్టాడు.

"మీ వదిన కొయ్యబారిపోయిందే! నేను టక్కున హ్యాండ్‌బ్రేక్ లాగబట్టి బతికాం."

బావగారికి చెప్పేసరికి కథ ఇంకాస్త బలిసింది. భోజనాల దగ్గరికి వచ్చేసరికి రెక్కలొచ్చాయి.

"ఎంత నడిపినా ఆడవాళ్లకి కంగారు పోదు బావా!"

అందరూ నవ్వారు. ఆమె చేతిలో పళ్లెం టేబుల్ మీద ఠంగుమంది.

"నువ్వు లాగబట్టే కారు తిరిగింది."

నవ్వులు ఆగిపోయాయి. ఇన్నేళ్ల కాపురంలో భర్తను ఆమె "నువ్వు" అనడం అదే మొదలు.

"అందరి ముందూ ఏంటా మాటలు?"

"నువ్వు కథలు చెప్పింది అందరి ముందు కాదా? కారు అప్పటికే నా చేతిలోకి వచ్చేసింది. నా చేతిలోంచి లాక్కుని బస్సు ముందు పెట్టావు. పైగా బతికించానంటావా?"

ఆయన తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు."

అత్తగారు నీళ్ల గ్లాసు కింద పెట్టారు. "నాకు బండి సంగతులు తెలీవురా. కారు జారినప్పుడు పాప అటు ఒరిగింది. మళ్లీ సర్దుకుని నా భుజం మీదికొచ్చింది. అప్పుడు నీ చెయ్యి లేచింది. పాప తల కిటికీకి కొట్టుకుంది ఆ తర్వాతే."

కోడలు మొగుణ్ణి "నువ్వు" అన్నదని ఆవిడ ఒక్క మాటైనా అనలేదు.

ఆయన అన్నం కెలికాడు. "భయమేసి లాగాను."

"ఆ ముక్క కారులోనే అనుంటే నేనూ వణికానని చెప్పేదాన్ని. నీ భయం నా నెత్తిన రుద్ది, కనబడ్డవాళ్లందరికీ వడ్డించావు."

తిరుగు ప్రయాణంలో అత్తగారు ముందు ఎక్కారు, ఆయన వెనక. మళ్లీ వాన పట్టుకుంది. ప్రతి మలుపుకీ ముందే, రోడ్డు తిన్నగా ఉన్నచోటే ఆమె నెమ్మదిగా బ్రేకు వేసి వేగం తగ్గించుకుంటూ వచ్చింది. ఆయన ఒకసారి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లికి ఫోన్ చేసి చెప్పాను, తప్పు నాదేనని. కోపం తగ్గిందా?"

"లేదు," అంది ఆమె, పాప నుదుటికి తడిగుడ్డ వేయడానికి వెళ్తూ. "అడ్డు తప్పుకో."