ఒకే దూలం కింద

"ఇంకా ఉన్నాడా?"

గొడుగైనా ముడవకుండా వీధిలోంచే అడిగాడు మరిది కుటుంబరావు. బాలామణి ఉన్నాడన్నట్టు తల ఊపింది. అడిగినవాడికి సిగ్గు లేదు సరే, జవాబు చెప్పినందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

మధ్య వాటాలో అద్దెకున్న కృష్ణయ్య రెండు నెలలుగా జ్వరంతో మంచం దిగలేదు. పొద్దుటినుంచీ గురక పట్టుకుంది. శ్రావణ పౌర్ణమి వెళ్ళిన మర్నాడు. జగ్గయ్యపేట అంతా తెరిపి లేని ముసురు.

"పంతులుగారిని అడిగొచ్చా వదినా. పొద్దువాలేసరికి ధనిష్ఠ వస్తుందంట. అక్కణ్ణించి ఐదు రోజులూ పంచకమే. ఇంట్లో ప్రాణం పోయిందా, ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాల్సిందే."

"ఆ ఒక్క వాటాకీ తాళం వేస్తే సరిపోదా అబ్బాయీ?"

"మూడింటికీ దూలం ఒకటేగా! ఒకే దూలం కిందున్నది ఒకే ఇల్లంట. మీతో సహా అందరూ లేవాల్సిందే."

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ చెప్పనే చెప్పాడు, అడ్డగోడలు కప్పుదాకా లేపి ఏ వాటా దూలం ఆ వాటాకు వేయిద్దామని. ఎనభై రూపాయలు ఎక్కువవుతాయని ఆమె వద్దంది. ఒంటి మీది బంగారమంతా అమ్మి, చాలక కట్టిన ఇంటినే మరిది దగ్గర తాకట్టు పెట్టిన మనిషికి ఎనభై రూపాయలంటే మాటలా? ఒక కొసన తనుంటూ తక్కిన రెండు వాటాలూ ఎనిమిదేసి రూపాయలకు అద్దెకిచ్చింది. ఒక వాటా అద్దె మరిదికి వడ్డీ కింద పోయేది. రెండో వాటా అద్దె ఆమెకు తిండి.

సరిహద్దు అవతల నైజాంలో రజాకార్లు ఊళ్ళు తగలబెడుతుంటే జనం తట్టాబుట్టా పట్టుకుని పేటలోకి వచ్చిపడుతున్నారు. గొడ్లచావడికి కూడా అద్దె పలుకుతోంది. మధిర మిరపకాయల వ్యాపారి ఒకాయన మధ్య వాటాకు పాతిక రూపాయలిస్తానని కబురు పెట్టాడు. అయినా ఆమె కృష్ణయ్యను లేపలేదు. అదేదో పెద్ద మంచితనమనుకునేరు! పత్తిమిల్లులో రోజుకు పన్నెండణాల కూలి చేసే మనిషి మంచాన పడ్డాక రెండు నెలల అద్దె నిలిచిపోయింది. ఖాళీ చేయిస్తే అదీ రాదని ఊరుకుంది. లేపి ఉంటే ఈవేళ ఈ పీకులాట ఉండేది కాదు గదా అని ఇప్పుడు గుండెలు బాదుకుంటోంది.

"ఇల్లు పాడుపెడితే వడ్డీ ఎక్కణ్ణించి తెస్తారు వదినా? మీరెక్కడుంటారు? ఇల్లు నాకు రాసిచ్చి మా ఇంటికొచ్చేయండి. ఇంత వండిపెడుతూ మాతోపాటు పడుందురుగాని. అదిష్టం లేకపోతే మంచం వీధిలో పెట్టించండి. లోకంలో లేని ఆచారమా ఇది?"

లోకంలో ఉన్న ఆచారమేనని బాలామణికి ఒకరు చెప్పనక్కరలేదు. నందిగామలో అద్దెకున్న రోజుల్లో ఆమె భర్తనూ ఇంటాయన ప్రాణముండగానే వీధిలోకి దింపించాడు. చక్రం ఊడిన బండి చాటున, గోనెపట్టా కింద పోయాడాయన. సొంతిల్లంటూ ఉంటే తనకా గతి పట్టదనే ఆమె ఈ ఇల్లు కట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆ ఇంటాయనను తిట్టని రోజు లేదు. పాపం, ఆయనకూ ఏ అప్పు ఉందో అని ఆమెకు మొదటిసారి అనిపించింది.

పోయేవాడు ఎలాగూ పోతాడు, ఆ పోయేదేదో పొద్దువాలకముందే పోతే అందరూ బతికిపోతారు గదా! దేవుడిగూటి వైపు చూసి ఆ మాటే మొక్కుకుంది. మొక్కుకున్నాక చెంపలు వాయించుకుంది.

మూడో వాటాలో ఉండే బండి తోలే బసవయ్యను పిలిచింది. ఇల్లు పాడుపెడితే పసిబిడ్డతో వాడికీ దిక్కు లేదు. అందుకే మారుమాట లేకుండా ఇంకో కూలివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

కృష్ణయ్య పెళ్ళాం సైదమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"పానం ఉంది పెద్దమ్మా. ఇంకా పానం ఉంది. వానల ఎట్ల పండబెడ్తరు?"

"నన్నేం చెయ్యమంటావే? నేనూ వీధిన పడేదాన్నే. గోనెపట్టా కట్టిస్తా, కుంపటి పెట్టిస్తా."

"మీకు దండం పెడ్త పెద్దమ్మా."

బాలామణి మొహం తిప్పుకుని "ఎత్తు బసవయ్యా" అంది. వాళ్ళు సైదమ్మను పక్కకు నెట్టి మంచం ఎత్తారు. ముందువైపు మంచంకోళ్ళు గడప దాటాయి. చూరునీళ్ళు కాళ్ళమీద పడగానే కృష్ణయ్యకు గురక ఆగింది, కళ్ళు తెరిచాడు. ఎటు తీసుకుపోతున్నారో అర్థమైనట్టుంది. చెయ్యి కదిపాడు.

"దించుండ్రి... నేనే నడుస్త."

మోసేవాళ్ళు ఆగిపోయారు.

"నా పాడు సావుకు... నీ ఇల్లు పాడు గావద్దు పెద్దమ్మా." అంటూ దిగబోయాడు. ఎముకే మిగిలిన కాలు మంచం పట్టె మీదినుంచి జారి నీళ్ళలో వేళ్ళాడింది. దాన్ని నేలకు ఆనించాలని అతను పడే అవస్థ చూడలేక బసవయ్య తల దించుకున్నాడు.

బాలామణి వంగి ఆ కాలు ఎత్తి మంచం మీద పెట్టింది.

"వెనక్కి తియ్యి బసవయ్యా! లోపల పెట్టు!"

"వదినా, మతుండే మాట్లాడుతున్నారా?" కుటుంబరావు గొడుగు కిందినుంచి అరిచాడు. "అయితే ఇల్లు రాసిచ్చేస్తారా?"

"రాసివ్వను."

"మరి పాడుపెట్టి ఎక్కడికి పోతారు?"

"పాడూ పెట్టను. ఎక్కడికీ లేవను. మనిషి పోతే ఇల్లు కడుక్కుంటా, అంతే. చావు లేని కొంప ఎవరిదో చూపించు, పోయి చూసొస్తా!"

"ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కేదెవరు? పాతిక రూపాయలాయన వస్తాడా? ఎనిమిది రూపాయలవాడు మాత్రం వస్తాడా? సంక్రాంతి దాటిందంటే నేను దావా వెయ్యక తప్పదు."

నిజానికి అతనన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఎవరూ రారు. మంచం లోపల దించి బసవయ్య బయటికొచ్చేసరికే వాడి పెళ్ళాం బిడ్డను చంకనేసుకుని కుండలు వీధిలో పెడుతోంది. బసవయ్య బాలామణి మొహం చూడలేకపోయాడు.

"మావల్ల కాదమ్మా. చంటిబిడ్డ ఉంది" అన్నాడు.

"పోరా నాయనా" అంది ఆమె.

తన వాటాలోంచి శొంఠిపొడి తెచ్చి మంచం కాళ్ళవైపు కూర్చుని కృష్ణయ్య అరికాళ్ళు రుద్దసాగింది. కాళ్ళు మంచుగడ్డలైపోయాయి. ముసురులో పొద్దు ఎంతైందో తెలియడం లేదు. పోవద్దురా, ఇవాళ్టికి పోవద్దురా అని గొణుగుతూ చేతులు మండిపోతున్నా ఆపలేదు.

"ఇటు రావే, ఆ రెండో కాలు నువ్వు పట్టు" అంది సైదమ్మతో.

సైదమ్మ రాలేదు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని మళ్ళీ గడపకు అడ్డంగా నిలబడి, బాలామణి చేతులవైపే కళ్ళార్పకుండా చూస్తోంది.