పిన్నికి కుదురు

పొద్దున్నే కాఫీ గ్లాసుల మీద మూతలు పెట్టడం ఆ ఇంట్లో మామూలు పని. పిన్ని దిగులుపడితే చాలు, దగ్గర్లో ఉన్న నీళ్లేవైనా గిర్రున తిరుగుతాయి. కాఫీ ఒలికితే బల్ల తుడవాల్సింది పిన్ని వాళ్లక్కే కదా, అందుకని మూతలు. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. కొందరికి గురక, కొందరికి తుమ్ములు, పిన్నికి ఇది.

కుట్టుపని చేసి బతికే పిన్నికి చొక్కాల కాజాలు కుట్టేటప్పుడు చెయ్యి మహా నిలకడ. మనిషికే నిలకడ లేదు. నాలుగేళ్లలో మూడు ఊళ్లు మార్చింది. ఎక్కడైనా "తిన్నావా?" అని అడిగేవాళ్లు దొరకగానే కాలుగాలిన పిల్లి అయిపోతుంది. వీళ్లు పొమ్మనేలోగా నేనే పోవాలని భయం. అక్క ఇంటికొచ్చి ఆరు నెలలు దాటింది. అందుకే చేతిసంచిలో సాయంత్రం ఐదు గంటల బస్సు టిక్కెట్టు ఉంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజే అక్క కూతురి బడిలో సైన్సు ప్రదర్శన. పాప బెండుకి చెంచాలు గుచ్చి చక్రం చేసింది. దానికి పాత బొమ్మకారు మోటారు తగిలించి చిన్న బల్బు కలిపింది. పైనుంచి నీళ్లు పడితే చక్రం తిరగాలి, బల్బు వెలగాలి.

"గిన్నె దొర్లిపోతోంది పిన్నీ, కుదురు కావాలి."

పిన్ని పాత తువ్వాలు మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి గిన్నె కింద పెట్టింది.

"గిన్నెకైతే చిటికెలో కుదురు చేశావు. నీకెప్పుడే కుదురు?" అని అక్క నవ్వింది. పిన్ని నవ్వలేదు. గిన్నెలో నీళ్లు ఓ చుట్టు తిరిగాయి.

బడిలో హడావుడిగా సర్దుతూ పాప పొరపాటు చేసింది. గిన్నె పైన కర్రల మీద ఉండాల్సిన చక్రాన్ని నీళ్లలోనే పడుకోబెట్టేసింది. పక్కనే పిన్ని ఉంది కాబట్టి అది తిరిగింది, బల్బూ వెలిగింది. గడియారం నాలుగున్నర దాటి ఐదుకి దగ్గరయ్యేకొద్దీ ఇంకా ఇంకా వెలిగింది.

పాప బల్బునీ పిన్నినీ మార్చి మార్చి చూసింది. "దేనికింత దిగులు?"

"ఏం లేదులేవే."

బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది.

"అబద్ధం. వెళ్లిపోతున్నావా?"

ఇక దాచలేక పిన్ని టిక్కెట్టు తీసి చూపించింది. పాప రెండుసార్లు చదివింది.

"మరి రేపు నాకు జడ?"

"మీ అమ్మ వేస్తుంది."

"అమ్మ గట్టిగా లాగుతుంది. వెళ్లొద్దు పిన్నీ."

ఆ మాట పిన్నితో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనే వ్యవధి ఆమె ఎవరికైనా ఇస్తేగా! గుండెల్లో ఏళ్ల తరబడి బిగుసుకున్నదేదో వదులైంది, ఏడుపొచ్చేంత హాయిగా అనిపించింది. నీళ్లు నిలిచిపోయాయి. బల్బు ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే మార్కుల కాగితంతో సైన్సు మాస్టారు వచ్చారు.

"పిన్నీ, కాస్త దిగులుపడవూ!" అని పాప చెవిలో గుసగుసలాడింది.

పిన్ని కళ్లు మూసుకుని శాయశక్తులా ప్రయత్నించింది. విరిగిన సూదులు, పాత ఊళ్లు, మీదపడుతున్న వయసు, అన్నీ తలుచుకుంది.

"రావట్లేదే," అని నవ్వేసింది.

తర్వాత చక్రాన్ని పైకి తీసి కర్రల మీద నిలబెట్టింది. గిన్నెలో జగ్గు ముంచి చెంచాల మీద నీళ్లు ధారగా పోసింది. చక్రం కదిలింది. బల్బు మిణుకుమిణుకుమంది.

"మీరు పొయ్యడం ఆపితే ఆరిపోతుంది కదమ్మా?" అన్నారు మాస్టారు.

"ఆపనండి."

బయట ఐదు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. పాప తలెత్తి పిన్ని మొహంలోకి చూసింది. పిన్ని చెయ్యి మార్చుకుని మళ్లీ జగ్గు ముంచింది.