కొమురవ్వ పడుగు మీద పడిన రంగు

దశరథం హైదరాబాదులో రెండేళ్లు బొమ్మలు నేర్చుకుని, వచ్చిన బొమ్మలు కూడా మరిచిపోయి సిరిసిల్లకు తిరిగొచ్చాడని వాడకట్టంతా చెప్పుకుంది. పోకముందు గోడల మీద ఏనుగులు, నెమళ్లు చక్కగా వేసేవాడు. పెళ్లిళ్లకు పిలిచి మరీ వేయించుకునేవాళ్లు. తిరిగొచ్చాక ఎవరైనా నెమలి అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు కంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

తప్పంతా యేసుదాసు మాస్టరుది. ఆయన ఒకరోజు క్లాసులో విలాయతీ పత్రిక విప్పి, అమెరికాలో కొందరు బట్టను నేల మీద పరిచి, దాని చుట్టూ తిరుగుతూ డబ్బాలతో, కట్టెలతో రంగు చిమ్ముతున్నారని చూపించాడు. బొమ్మంటే దేన్నో చూసి గీసేది కాదట, చెయ్యి కదిలిన కదలికే బొమ్మట. ఆ బుద్ధి వాళ్లకు కూడా ఊరికే పుట్టలేదట. అంతకుముందు ఫ్రాన్సులో కొందరు ఆలోచన కట్టిపెట్టి చేతిని దాని మానాన వదిలేశారట. ఇంకా ముందు జపానులో సన్యాసులు ఊపిరి బిగబట్టి ఒక్క విసురుతో బొమ్మ ముగించేవారట. ఇవన్నీ విన్నాక దశరథానికి తిండి సయించలేదు. అయితే వాడు రంగు చిమ్మితే అది కూడా వరసగా, పొందికగా, నెమలి ఈకల్లాగే పడేది. చదువైపోయి వస్తుంటే మాస్టరు వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ చెయ్యి ఇంకా భయపడుతున్నది దశరథం. భయం పోయిన్నాడు నాకు కబురు చెయ్యి. నేనే వచ్చి చూస్త. బాగుంటే బొంబాయి ఎగ్జిబిషన్‌కు నేనే తీస్కపోత."

ఆ మాట పట్టుకుని దశరథం భయం లేని బొమ్మ ఒక్కటి, జీవితానికి ఒక్కటి వేస్తే చాలనుకున్నాడు.

వేయడానికి జాగా ఏదీ? ఇంట్లో మగ్గం పోగా మిగిలిన చోట పొయ్యి, పొయ్యి పోగా మిగిలిన చోట పడక. ఇక వీధే గతి. పొద్దున పూట వీధి బట్ట నేసే సాలోళ్లది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పడుగు నూలు బారుగా లాగి కట్టి, పెద్ద కుంచెతో గంజి పట్టిస్తారు. ఆరోజు పక్కింటి కొమురవ్వ పడుగు వీధిలో ఉంది. కొమురవ్వకు మొగుడు లేడు, ఆ లోటు నోరు తీర్చింది. ఆమె ఒకవైపు, దశరథం పెళ్లాం నర్మద ఒకవైపు నిలబడి గంజి పట్టిస్తున్నారు. పక్కనే దశరథం తన బట్ట పరిచి, గంజిలో కలిపిన ఎర్రరంగు చెంబు పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు. చెయ్యి లేస్తోంది, ఆగుతోంది, దిగుతోంది.

"ఏందిరా, సాన్పి సల్లుతున్నవా?" అంది కొమురవ్వ. "జర గట్టిగ సల్లు. గట్లయితే వాకిలి దడవది."

నర్మద కిసుక్కున నవ్వింది. దశరథానికి ఒళ్లు మండిపోయింది. ఫ్రాన్సు, జపాను, బొంబాయి అన్నీ మరిచిపోయి చెంబెడు రంగూ ఒక్క విసురు విసిరాడు. పరిచిన బట్ట మీద చుక్క పడలేదు. మొత్తం కొమురవ్వ తెల్లటి పడుగు మీద పడింది.

కొమురవ్వ కుంచె కింద పడేసి నోరు తెరిచింది. తెరిచాక ఆగలేదు.

"నీ చేతులిరగ! నీ బొమ్మల బొంద వెట్ట! కడుక్కుంటె పోయే రంగు గూడ కాదు గదరా!"

గంజి పట్టిన పడుగును పారేయడమంటూ ఉండదు. ఆరగానే మగ్గానికి ఎక్కించాల్సిందే. పడుగు చెడగొట్టినవాడే కూర్చుని నేయాలని ఆ వాడలో కట్టుబాటు. అలా దశరథం మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు, అదీ కొమురవ్వ ఇంట్లో, ఆమె తిట్లు వింటూ.

మొదటి చీరలు తెల్లగానే దిగాయి. తర్వాతి చీర కొంగు దగ్గరికి వచ్చేసరికి ఎరుపు మొదలైంది. విసరడానికి రెప్పపాటు పట్టిన రంగు, నేయడానికి పొద్దంతా పట్టింది. పోగులు ఒకటి అటు, ఒకటి ఇటు జరిగి ఆ ఎరుపు అంచులన్నీ నాలుకలు చాచాయి. ఎక్కడ చెయ్యి లేచిందో, ఎక్కడ కోపం ముదిరిందో, ఎక్కడ చెంబు ఖాళీ అయిందో అంతా బట్టలోకి ఎక్కింది. పొందిక లేదు, నెమలి లేదు. దశరథం నేయడం ఆపి ఆ ఎరుపు మీద అరచెయ్యి ఆనించాడు.

"అవ్వా, గిది నా చెయ్యి" అన్నాడు.

"మరి ఎవలిదనుకున్నవ్? తిట్లు నీకే పడ్డయి గద!"

ఆ సాయంత్రమే మాస్టరుకు కార్డు రాశాడు, భయం పోయింది రమ్మని. మాస్టరు రాలేదు గానీ బట్టల వ్యాపారి అంతయ్య వచ్చాడు. ఆ చీర ఉంచమని దశరథం కొమురవ్వను బతిమాలాడు, చేతులు పట్టుకున్నాడు.

"నీ మాస్టరు వచ్చేదాంక నేను గాలి బుక్కాల్నా?" అని కొమురవ్వ దాన్ని మూటలో పడేసింది. పడుగు ఆమెది, కాదనడానికి వీల్లేదు.

అంతయ్య ఆదిలాబాదు పోయి ఎగురుకుంటూ వచ్చాడు. అక్కడ పత్తి మిల్లు సేటు భార్య గంగుబాయి ఆ చీర చూసి పట్టిన పట్టు వదల్లేదట. ఇప్పుడు ఆమె తోడికోడళ్లందరికీ అవే చీరలు కావాలట.

"అచ్చం గట్లనే ఉండాలె. ఒక్క సుక్క ఎక్కువ తక్కువైనా ఆ ఇంట్ల లొల్లి" అన్నాడు. గంగుబాయి ఆ మచ్చ మీద కాగితం పరిచి, పెన్సిలుతో చుట్టూ గీసి పంపింది కూడా.

దశరథం కొత్త పడుగుల మీద చల్లాడు. నిలబడి చల్లాడు, వంగి చల్లాడు, కొమురవ్వతో తిట్టించుకుని మరీ చల్లాడు. ఏదీ కాగితానికి కుదరలేదు.

"గివి నకలువి" అన్నాడు అంతయ్య పెదవి విరిచి.

"అదీ ఇదీ రెండూ నేనే చల్లిన!"

"అయితేంది? నీది నువ్వే నకలు గొడ్తున్నవ్. గది గూడ సక్కగ వస్తలేదు."

ఆ రోజుల్లో నూలు ఉన్నా చీరలు కొనేవాడు లేక వాడలో సగం మగ్గాలు పడుకున్నాయి. కొమురవ్వ ఇంకెవరినీ అడగకుండా ఆ కాగితం తీసుకుని వడ్రంగం చేసే వడ్ల భూమన్న దగ్గరికి పోయింది. భూమన్న టేకు చెక్క మీద ఆ మచ్చను, దాని చుట్టూ చిందిన చిన్న చిన్న చుక్కలతో సహా, చెక్కి ఇచ్చాడు. ఇక పడుగు కింద పలక పెట్టడం, అచ్చును రంగులో ముంచడం, ఒత్తడం. ఒత్తేది దశరథమే, రంగు పాళ్లు వాడికే తెలుసు గనుక. మగ్గాలు లేచాయి, పొయ్యిలు వెలిగాయి. అందుకు వాడికి సంతోషమే. కానీ అచ్చు ఒత్తిన ప్రతిసారీ ఎవరో తన చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నట్టు ఉండేది. సిగ్గేసేది.

అప్పుడు దిగాడు యేసుదాసు మాస్టరు. ఒంట్లో బాగాలేక ఆలస్యమైందన్నాడు. కొమురవ్వ మగ్గం మీద అప్పుడే ఒక కొంగు దిగుతోంది. మాస్టరు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదే! నేను ఇన్నేండ్లు చెప్పింది ఇదే! ఏం విసురు! ఏం ధైర్యం! దశరథం, బొంబాయిల దీన్ని ముందు గోడకే కట్టిస్త."

"అవు సారూ, మావోని చెయ్యే" అంది కొమురవ్వ, దశరథాన్ని మోచేత్తో పొడుస్తూ.

దశరథం ఊ అంటే చాలు. బొంబాయి, పేరు, అన్నీ ఆ ఊ అవతలే ఉన్నాయి. నోరు తెరిచాడు కూడా.

"గిది నా చెయ్యి గాదు సార్. వడ్ల భూమన్నది" అని మూల నుంచి అచ్చు తెచ్చి చూపించాడు.

మాస్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం మాడిపోయింది. అచ్చు ఒళ్లో పెట్టుకుని గడప మీద కూలబడ్డాడు. కొమురవ్వ నెత్తి కొట్టుకుంది.

"మరి నీది?" అన్నాడు మాస్టరు.

"ఆదిలాబాదుల ఉన్నది సార్. గంగుబాయని, మిల్లు సేటు భార్య. ఆమె కొంగు మీద."

మాస్టరు లేచి ధోవతి దులుపుకున్నాడు. "బస్సు ఎప్పుడున్నది?"

"ఇద్దరు మొగోళ్లు పోయి సేటమ్మను కొంగు సూపియ్యమంటరా?" అంది కొమురవ్వ. "కొంగు గాదు, చెప్పు సూపిస్తది."

"నేను గూడ వస్త" అంది నర్మద గంజి చేతులు కడుక్కుంటూ. "నేనే అడుగుత."

దశరథానికి ఏడుపు తన్నుకొచ్చింది. బస్సెక్కాక ఏడవచ్చులే అనుకుని చెప్పులేసుకున్నాడు.