శీనమ్మ పోసిన దోశ

మా ఆయన దోశ వేయడం నేను మొట్టమొదట చూసింది నా ఎన్నికల ప్రచారంలోనే.

నెల్లూరు కార్పొరేషన్లో మా డివిజన్ ఈసారి మహిళలకు రిజర్వు అయింది. ఆ సీటు కోసం ఏళ్లుగా తిరుగుతున్న మా ఆయన రామనారాయణ గారు కొన్నాళ్లు ముభావంగా ఉండి, ఒక ఉదయం వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చారు. "నామినేషన్ నీ పేరుతో వేస్తా ఉండా. సంతకం పెట్టు, చాలు. మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నారు. నేను చట్నీకి పోపు పెడుతున్నాను. చెయ్యి తుడుచుకుని సంతకం చేశాను. కరపత్రంలో ఆయన ఫొటో పెద్దది, నాది మూలన. రజిత అన్న పేరు కింద 'రామనారాయణ గారి సతీమణి' అని వేశారు. నేను ఉదయగిరిలో పుట్టాననీ, డిగ్రీ చదివాననీ ఎక్కడా లేదు. అత్తగారు దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "చీర రంగు బాగుండాది" అన్నారు.

అభ్యర్థిని కాబట్టి ప్రచారానికి వెళ్లాలి. ఇల్లాలిని కాబట్టి వెళ్లే ముందు కార్యకర్తలందరికీ టిఫిన్ పెట్టాలి. చివరి దోశ నా పళ్లెంలో పడేసరికి బయట ఆటో హారన్ కొట్టేది. అది అక్కడే చల్లారి, ఎండి, నేను తిరిగొచ్చేదాకా నాకోసం ఎదురుచూసేది.

అలాంటి ఒక రోజు శీనమ్మ టిఫిన్ బండి దగ్గర ఆగాం. ఫొటో కోసం మా ఆయన అట్లకాడ అందుకున్నారు. పిండి ఒకచోటే ముద్దగా పోశారు, దోశ పెనానికి అంటుకుంది, అయినా అందరూ జై కొట్టారు. నాకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. నేను జ్వరంతో లేవలేని రోజున కూడా మా ఇంట్లో అట్లకాడ ఎక్కడుంటుందో ఈయనకు తెలియదు.

శీనమ్మ పెనం గీకి, నీళ్లు చల్లి, నావైపు చూసింది.

"నిలబడింది నువ్వే గదమ్మా? ఏమన్నా తిన్నావా?"

"తరవాత తింటాలే."

"యా ఊరు మీది?"

"ఉదయగిరి."

"మాది ఆత్మకూరు. రా, కూచో. ఓట్లు యాడికీ పోవు. దోశ అయితే ఆరిపోతాది."

కూర్చున్నాను. నా కోసమని ఎవరైనా పెనం మీంచి తీసి వేడిగా పెట్టి ఎన్నేళ్లయిందో. కళ్లు చెమర్చాయి, నెపం కారం మీదికి నెట్టేశాను. ఆలోపు ఆడవాళ్లు చుట్టూ చేరి తమ వీధి మురుగుకాలువ గురించి చెప్పారు. మా ఊరి యాసలోనే అడిగాను, వాళ్లూ దాపరికం లేకుండా చెప్పారు. ఊరేగింపేమో అభ్యర్థిని వదిలేసి ముందుకు వెళ్లిపోయింది. వీధి చివర నాచేత నమస్కారం పెట్టించబోతే గానీ నేను లేనని ఎవరికీ తట్టలేదట.

గెలిచాం. దండలు ఎక్కువగా ఆయన మెడలోనే పడ్డాయి. మర్నాటి పొద్దున ముందు గదిలో పెద్ద కుర్చీలో ఆయనే కూర్చున్నారు. శీనమ్మ గుమ్మంలోకి రాగానే, "ఏం కావాల, నాతో చెప్పు" అన్నారు.

"నీతో కాదు నాయనా. మా కార్పొరేటరమ్మతో."

"ఆమె పనిలో ఉండాది. రజితా, మనుషులు కూచోనుండారు, దోశలు తే."

శీనమ్మ కదల్లేదు. అలా నిలబడినందుకు నేను ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను. ఇన్నాళ్లూ లోపల ఎవరో మూసిపెట్టిన కిటికీ తెరిచినట్టనిపించింది. స్టవ్ మంట తగ్గించి ముందు గదిలోకి వెళ్లి, అట్లకాడ ఆయన చేతిలో పెట్టాను.

"పెనం వేడిగా ఉండాది. మీకు వచ్చు గదా, ఊరంతా ఫొటోలు చూసినారు. నేను కాలవ చూసొస్తా."

ఆయన, మూలన కూర్చున్న మా అత్తగారి వైపు చూశారు. ఈ ఇంట్లో ఆవిడ మాటే చివరి మాట. నేను చెప్పులు వేసుకుంటూ, ఆవిడ వెనక్కి పిలుస్తారని భయపడుతూనే మెట్లు దిగాను.

"రామనారాయణా," అన్నారు అత్తగారు. "నాకు పల్చంగా పొయ్యి."