తెరమీద లేచిన చెయ్యి

తెరమీద చెయ్యి గ్లాసును పట్టుకుని పైకెత్తింది. బల్లమీదున్న అసలు చెయ్యి మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

థెరపిస్టు రెండు చేతులూ రోగి భుజాన్ని ఎత్తిపట్టుకుని ఉన్నాయి. వదిలితే కీలు జారుతుంది. వదల్లేదు. కళ్ళు మాత్రం తెరకీ బల్లకీ మధ్య పరుగులు తీశాయి.

"చూశావా తల్లీ! ఒక్క చుక్క ఒలకలేదు," అంది దర్జీ పిన్ని. ముఖం సగం కప్పేసే కళ్ళజోడు లోపల ఆమెకు వేరే గది కనిపిస్తోంది. అందులో ఒక కిటికీ, ఒక బల్ల, నీళ్ళ గ్లాసు, పక్షవాతానికి పడిపోయిన తన కుడిచెయ్యి ఉన్నాయి. "ఏమయ్యా, నువ్వు చూశావా, కునుకు తీస్తున్నావా?"

"చూశానే," అన్నాడు మూల కుర్చీలోంచి ఆమె భర్త. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఒళ్ళో టాబ్లెట్ ఉంది.

"నమ్మకమ్మా. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊరందర్నీ ఎక్కించుకున్నాడు, నేను చెయ్యెత్తితే మాత్రం ఆపకుండా పోయేవాడు."

"ముందు సీట్లో కూర్చుని తల తింటావని భయం."

పిన్ని పకపకా నవ్వింది. థెరపిస్టుకు నవ్వు రాలేదు.

మామూలుగా ఆ చెయ్యి కనబడదు. సెన్సర్ల తొడుగు వేసి, అటూ ఇటూ జారకుండా మెత్తటి పెట్టెలో పెట్టి మూత వేస్తారు. ఆ పొద్దున మూత బందు ఊడింది. ఇవాళ్టికి మూత లేకుండానే కానిద్దాం అనుకుంది. ఆ బందు ఊడకపోయి ఉంటే ఇవాళ కూడా పిన్నితో కలిసి చప్పట్లు కొట్టేదే.

యంత్రం టాబ్లెట్ మీద 'సాయం' అని, వేలితో జరిపే ఒక గీత ఉంటుంది. వేలు కంటికి కనబడనంతగా అదిరినా చాలు, మిగతా కదలికంతా యంత్రమే పూర్తిచేసి చూపిస్తుంది. రోగి కోలుకునేకొద్దీ గీతను కిందికి దించాలి. థెరపిస్టు చేతులు ఖాళీ ఉండవు కాబట్టి, టాబ్లెట్ పట్టుకుని ఆమె చెప్పినట్టు గీత దించేది రోగి తాలూకు మనిషే. మొదట్నుంచీ అదే పద్ధతి.

థెరపిస్టు భుజం కింద దిండు పెట్టి ఒక చెయ్యి ఖాళీ చేసుకుంది. "పిన్నీ, నా వేలు మీ గుప్పిట్లో పెడుతున్నా. గట్టిగా నొక్కండి."

"నొక్కాగా!" అంది పిన్ని. "నొప్పెట్టిందా?"

ఆ అరచేయి వెచ్చగా, మెత్తగా, పట్టులేకుండా ఉంది. "పెట్టింది పిన్నీ," అంది థెరపిస్టు.

ఈ నొక్కుడు పరీక్ష ఒకప్పుడు రోజూ చేసేది. యంత్రం వచ్చాక, "అది మార్కులేస్తోందిగా, మళ్ళీ నీ వేలెందుకు?" అని పెద్ద డాక్టరు మాన్పించాడు. ఆ మార్కులను బట్టే, పిన్నికి ఇంకో వైద్యం అక్కర్లేదన్నాడు. బాగున్న చేతిని పగలంతా కట్టేసి, పడిపోయిన చేతితోనే అన్ని పనులూ చేయించే వైద్యం అది. మొదటి నెలల్లో చేస్తే చెయ్యి చాలావరకు తిరిగొస్తుంది. ఆ నెలలు దాటిపోయాయి. ఇప్పుడు కట్టినా పెద్దగా ఫలితం ఉండదు.

థెరపిస్టు పిన్నిని కుర్చీలో వెనక్కి ఆనించి, తొడుగూ టాబ్లెట్టూ తీసుకుని పక్క గదిలో యంత్రాలు చూసే కుర్రాడి దగ్గరకు దాదాపు పరుగెత్తింది. అతన్ని అందరూ వైరుబాబు అంటారు.

"నీ యంత్రం పాడైంది."

"నా యంత్రాన్ని ఏమీ అనకండి మేడమ్, పెళ్ళికావలసిన పిల్ల," అన్నాడు వైరుబాబు. ఆమె ముఖం చూసి వేళాకోళం ఆపేశాడు. తొడుగు తన చేతికే వేసుకుని చూశాడు. "అంతా సరిగ్గానే ఉంది. సాయం గీత మాత్రం కొసదాకా ఉంది."

"నేను కిందికి దించమన్నాను. ప్రతిసారీ."

"అది దానంతటది జరగదు మేడమ్. వేలుపెట్టి జరపాల్సిందే." తలగోక్కున్నాడు. "టాబ్లెట్ ఎవరి చేతిలో ఉంటుంది?"

ఆమెకు జవాబు తెలుసు. వరండాలోకి నడిచింది.

బాబాయ్ వరండాలో ఉన్నాడు, భార్య చెప్పులు చేత్తో పట్టుకుని. థెరపిస్టు ఎదురుగా నిలబడింది.

"బాబాయ్ గారూ, పిన్ని చెయ్యి కదలడం లేదు. ఇన్నాళ్ళూ కదల్లేదు. ఆ గీత..."

ఆయన చెప్పులు కింద పెట్టాడు. తలుపు సందులోంచి ఒకసారి లోపలికి చూసి, గొంతు తగ్గించాడు.

"నేనేనమ్మా జరిపింది. మొదట్లో మీరు దించమంటే దించాను. ఆ రోజు గ్లాసు లేవలేదు. ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు. నా కత్తెర ఎవరికైనా ఇచ్చెయ్యి, ఇక దాంతో నాకు పనిలేదు అంది. మర్నాడు మీరు దించమన్నారు, నేను పైకి జరిపాను. గ్లాసు లేచింది. అది నవ్విందమ్మా. రేపు దించుదాం, రేపు దించుదాం అనుకుంటూనే ఉన్నాను. ఇంట్లో చెంచా పట్టుకోలేక ఇదేమిటయ్యా అంటే, అక్కడ కష్టపడి చెయ్యి అలిసిపోయింది, పడుకో అన్నాను. నేను చెప్పానని నమ్మింది. నేను నోట్లో ముద్ద పెడితే తిని పడుకునేది. ఆ కట్టుకట్టే వైద్యం సంగతి నాకు తెలీదని మీతో బొంకను. మార్కులు బాగున్నాయి, ఆ వైద్యం అక్కర్లేదు, తరవాత చేసినా లాభం ఉండదు అని డాక్టరుగారు చెప్పిన రోజు దాని పక్కనే ఉన్నాను. అంతా విన్నాను. ఆ మర్నాడు కూడా జరిపాను."