చిన్నావిడ

గ్యాస్ స్టేషన్‌లోకి కారు తిప్పే ముందే డాల్టన్ తలుపులకు లాక్ వేశాడు. కదిలే కారుకి దొంగలొస్తారా అని నవ్వబోయిన ఉజ్వల అతని మొహం చూసి ఊరుకుంది.

"ఇది వాళ్ళ ఊరు. ఎవరితోనూ మాటలు పెట్టుకోకు," అన్నాడు.

వాళ్ళంటే ఒక్కో మగాడికీ ఇద్దరేసి ముగ్గురేసి పెళ్ళాలున్నవాళ్ళు. తామే అసలైన మోర్మన్లమని చెప్పుకుంటారు. డాల్టన్‌ది కూడా మోర్మన్ చర్చే, కానీ అది అలాంటివాళ్ళని ఏనాడో వెలేసింది. ఆ చర్చి ఇప్పుడు ఉజ్వలది కూడా. రాజమండ్రిలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో బాప్తిస్మం తీసుకుంది. ఉద్యోగం ఆమెని ఈ దేశంలో చాండ్లర్ అనే ఊరికి తెచ్చింది, చర్చి డాల్టన్‌ని చూపించింది. భార్య మారెన్ పోయింది, ఎనిమిదేళ్ళ కూతురు ఎలోయిస్ ఉంది. శనివారం ఆ చర్చివాళ్ళ టెంపుల్‌లో పెళ్ళి. ఆలోగా కాబోయే కోడల్ని తల్లికి చూపించాలని యూటా తీసుకెళ్తున్నాడు.

డాల్టన్‌ని చెడ్డవాడనడానికి నోరు రాదు. వీధిలో ఎవరు తుమ్మినా సూప్ గిన్నె పట్టుకుని బయలుదేరే మనిషి. ఆఫీసులో ఎవరైనా "నీకెందరు పెళ్ళాలు?" అని వేళాకోళమాడితే మాత్రం చెవులు ఎర్రబడతాయి.

అతను పెట్రోలు కొట్టుకుంటుండగానే వెనక సీట్లో ఎలోయిస్ వాంతి చేసుకుంది. ఉజ్వల పిల్లని ఎత్తుకుని బాత్రూంకి పరుగెత్తింది.

లోపల పాదాల దాకా గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళు ఇద్దరున్నారు, ఒకామె పెద్దది, ఇంకొకామె బాగా చిన్నది. అడక్కుండానే చిన్నామె పేపర్ టవల్ తడిపి పిల్ల ఫ్రాక్ తుడవసాగింది. పెద్దామె సంచిలోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"కడుపులో తిప్పుతోందని అమ్మకి ముందే చెప్పొద్దూ?"

"ఈమె అమ్మ కాదు," అంది ఎలోయిస్. "అమ్మ స్వర్గంలో ఉంది. డాడీ అమ్మని టెంపుల్‌లో ఎప్పటికీ పెళ్ళి చేసుకున్నాడు. శనివారం ఈమెని కూడా ఎప్పటికీ చేసుకుంటాడు."

పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. వాళ్ళ టెంపుల్‌లో వేసిన ముడి చావుతో తెగదు. భార్య పోయిన మగాడు ఇంకొకామెని అక్కడే చేసుకుంటే ఆ ముడీ ఉంటుంది, ఈ ముడీ ఉంటుంది. ఉజ్వలకి తెలియని సంగతి కాదు. తెలిసే, ఇన్నాళ్ళూ దాన్ని మనసులో తొక్కిపెట్టింది.

పెద్దామె ఉజ్వల చెయ్యి పట్టుకుంది. ఆ మొహంలో ఎగతాళి లేదు, జాలే ఉంది.

"అయితే నువ్వు రెండోదానివన్నమాట, సిస్టర్. మొదట్లో కష్టంగానే ఉంటుంది. అసూయ దానంతటదే పోతుంది. మా ఇద్దరికీ పోయింది."

చిన్నామె తలెత్తలేదు. శుభ్రమైన ఫ్రాక్‌ని ఇంకా తుడుస్తూనే ఉంది.

ఉజ్వలకి ఒక పేరు గుర్తొచ్చింది. చిన్నావిడ. రాజమండ్రిలో వాళ్ళ మామ్మకి ఊరు పెట్టిన పేరది. తాతయ్యకి రెండో పెళ్ళాం. పోయేదాకా ఆమెని అసలు పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. బళ్ళో పిల్లలు ఉజ్వలని కూడా "చిన్నావిడ మనవరాలు" అనేవాళ్ళు. ఒక మగాడు, ఒక ఆడది, ఎన్నటికీ విడిపోని కుటుంబం అని మిషనరీలు చెప్పిన రోజు ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఒక్క మాట కోసమే బాప్తిస్మం నీళ్ళలో మునిగింది.

"ఎలోయిస్, రా." గుమ్మం బయట డాల్టన్. పిల్ల చేతిలోని బిళ్ళ లాక్కుని చెత్తబుట్టలో పడేశాడు. జలుబుకి సూప్ మోసే మనిషి వాళ్ళకి ఒక్క థాంక్స్ చెప్పలేదు.

"దేవుడు చల్లగా చూడాలి, బ్రదర్," అంది పెద్దామె.

ఆ పిలుపుకి అతను పాముని తొక్కినట్టు వెనక్కి జరిగాడు.

కారు ఊరు దాటింది. పిల్ల నిద్రపోయింది.

"వాళ్ళకీ మనకీ ఏ సంబంధం లేదు," అన్నాడు డాల్టన్, ఆమె ఏమీ అడక్కుండానే. "మనవాళ్ళు అదంతా ఎప్పుడో వదిలేశారు."

"ఇక్కడ వదిలేశారు. మరి పైన?"

అతను అద్దంలో వెనక నిద్రపోతున్న పిల్ల వైపు చూశాడు.

"పైన మారెన్ ఉంటుంది, నేనూ ఉంటాను. నువ్వు ఒక్కడివే. నాకు భయంగా ఉంది, డాల్టన్."

మారెన్ పేరు వినగానే అతని గొంతు మెత్తబడింది. "ఆమెని వదులుకోమని అడక్కు. దేవుడు చూసుకుంటాడు. అక్కడ అసూయ ఉండదు, ఉజ్వలా. దానంతటదే పోతుంది."

ఉజ్వల అతని వైపు తిరిగింది.

"ఇందాక ఆవిడా ఇదే మాట అంది."

"ఎవరు?"

"బాత్రూంలో ఆవిడ. నువ్వన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా."

డాల్టన్ చెవులు ఎర్రబడ్డాయి.

"మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి," అంది ఉజ్వల.

"ఏమని?"

"శనివారం పెళ్ళి లేదని."

అతని వేలు తలుపు మీదున్న లాక్ బటన్ నొక్కింది. లాక్ అప్పటికే వేసి ఉంది.