తేదీ లేని సంతకం

బుధవారం హ్యాండ్‌బాల్ ప్రాక్టీసులో రుజిత్స గాల్లోకి లేచి బంతి విసిరింది. దిగేటప్పుడు కుడి పాదం నేలకు పట్టేసింది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగింది. మోకాల్లో ఏదో తెగిన చప్పుడు గోల్‌లో నిలబడ్డ నెవెనకు స్పష్టంగా వినిపించింది. రుజిత్స అరవలేదు. ఊపిరందక, బంతి జారకుండా పూసుకున్న జిగురు చేతులతో నేలను గీరింది. ఆ మరకలను తర్వాత ఎవరూ తుడవలేదు.

మర్నాడు క్లబ్బు గోడ మీద నోటీసు వెలిసింది. రుజిత్స సోమవారమే పరస్పర అంగీకారంతో క్లబ్బును వదిలి వెళ్లిందట. బుధవారం ఆమె హాల్లో ఎందుకుందో క్లబ్బుకు తెలియదట. మోకాలి ఆపరేషను ఖర్చుతో తమకు సంబంధం లేదట. చివర్లో ఆమె భవిష్యత్తుకు శుభాకాంక్షలు కూడా! మనిషిని నిలువునా ముంచి శుభాకాంక్షలు చెప్పడం దొరలకే చేతనవుతుంది.

మొరావా నది ఒడ్డున ఉన్న ఆ సిమెంటు ఊళ్లో ఇదెలా సాధ్యమని ఎవరూ అడగలేదు. ఫ్యాక్టరీ మిలొరాద్ దొరది. ఆడవాళ్ల హ్యాండ్‌బాల్ జట్టూ ఆయనదే. కొత్త ఆటగత్తె కాంట్రాక్టు మీద సంతకం పెట్టే రోజు పెద్ద సంబరం జరుగుతుంది. కొత్త జెర్సీ, పూలగుత్తి, ఫొటోగ్రాఫరు, భుజం మీద దొర చెయ్యి. కాంట్రాక్టు కింద ఇంకో కాగితం ఉంటుంది. 'నా ఇష్టపూర్వకంగా ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను' అని అందులో రాసి ఉంటుంది. తేదీ ఉండదు. "మామూలేనమ్మా, అందరూ పెడతారు" అంటాడు దొర. అందరూ పెట్టారు. నెవెన కూడా కెమెరా వైపు నవ్వుతూ పెట్టింది. ఆ ఫొటో వాళ్లమ్మ టీవీ మీద ఉంది, ఆ రెండో కాగితం దొర ఇనప బీరువాలో ఉంది. తల్లీకూతుళ్లు ఉంటున్న ఇల్లు కూడా క్లబ్బుదే.

శుక్రవారం పొద్దున బురెక్ రొట్టెల కొట్టు వెనక గదిలో జట్టంతా చేరింది. ఆటగాళ్ల సంఘం లాయరు జాగొర్క బెల్‌గ్రేడ్ నుంచి బస్సులో వచ్చింది.

"కాంట్రాక్టంటే ఇద్దరి మాట" అంది జాగొర్క. "ముగించాలన్నా ఇద్దరి మాటే కావాలి. ఎప్పుడో రాయించుకున్న సంతకం పైన ఆయన తనకు తోచిన తేదీ వేసుకుంటే అది అంగీకారం కాదు, మోసం. మధ్యవర్తుల బెంచి ముందు ఆ మాట నేనంటాను. కానీ బుధవారం రుజిత్స మీతో ఆడిందని, అలాంటి కాగితాలే మీ చేతా రాయించుకున్నాడని మీరు చెప్పాలి."

అందరూ పెరుగు గ్లాసుల్లోకి చూశారు.

"నేను చెప్తా" అంది కెప్టెన్ దేశాంక.

"నీకేమక్కా!" అంది తియానా. జట్టులో ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. "నీ మొగుడు జర్మనీలో లారీ తోలతాడు. నా కాగితం మీద తేదీ పడితే నా పిల్లకి ఎవడు పెడతాడు, నీ మొగుడా?"

"ఒకళ్లం చెప్తే ఒకళ్లకే తేదీ పడుద్దే. అందరం చెప్తే? రేపు మ్యాచ్ టీవీలో వస్తోంది, మంత్రి వస్తున్నాడు. జట్టు మొత్తాన్ని తీసేసి ఎవర్ని దింపుతాడు? గోల్లో తనే నిలబడతాడా?" అంది దేశాంక.

"ఆ పొట్ట దాటి బంతి పోదులే అక్కా" అన్నారెవరో. నవ్వులు లేచినట్టే లేచి ఆగిపోయాయి.

దేశాంక నెవెన వైపు తిరిగింది. "నువ్వు ఎదురుగానే ఉన్నావుగా. చెప్తావా?"

నెవెన కళ్ల ముందు ఇనప బీరువా తలుపు తెరుచుకుంటోంది, అమ్మ మూటాముల్లే సర్దుకుంటోంది. "నేను... నేను బంతినే చూస్తున్నానక్కా. కాలు చూళ్లేదు."

అబద్ధమని అందరికీ తెలుసు. మూలన చంకకర్రల మీద ఆనుకున్న రుజిత్స మెల్లగా అంది: "పోనీలేవే. నీ చోట నేనున్నా అంతే చేసేదాన్ని." ఆ మాటకన్నా తిట్టినా బాగుండేదనిపించింది నెవెనకు. ఏమీ తేల్చుకోకుండానే అందరూ లేచిపోయారు.

శనివారం మ్యాచ్‌కు ముందు మిలొరాద్ దొర ఆటగత్తెలు బట్టలు మార్చుకునే గదిలోకి తలుపు తట్టకుండా వచ్చాడు. చేతిలో కాగితాల కట్ట ఉంది. వెనక ఇద్దరు కాపలావాళ్లు నిలబడ్డారు.

"బురెక్ బావుందా అమ్మాయిలూ?" అన్నాడు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. పక్కనున్న మనిషిని చూడాలన్నా భయమేసింది.

ఒక కాగితం పైకి తీసి బల్ల మీద పరిచాడు, పెన్ను మూత విప్పాడు. అది నెవెనది. "నా గోల్‌కీపరు బుద్ధిమంతురాలు. మొదట ఈ పిల్లనే అడుగుతా. బుధవారం ఏం చూశావమ్మా?"

నెవెన ఆ కాగితం మీది తన సంతకం చూసింది. పారిపోదామంటే తలుపు దగ్గర కాపలావాళ్లున్నారు. ఏమీ చూళ్లేదని ఒక్క ముక్క అంటే చాలు, ఇల్లు నిలుస్తుంది. అందామనే నోరు తెరిచింది. కానీ చెవుల్లో ఆ తెగిన చప్పుడు మళ్లీ వినిపించింది. రేపు తన మోకాలూ తెగుతుంది. అప్పుడు ఈ గదిలో ఎవరో ఒకరు బంతినే చూశామంటారు.

"చూశాను సార్" అంది. "రుజిత్స మాతోనే ఆడింది. మోకాలు తెగిన చప్పుడు కూడా విన్నాను."

దొర ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు. పెన్ను కాగితం మీద ఆనించాడు.

"నాది కూడా రాయి" అంది తియానా. నిన్న అందరికన్నా గట్టిగా కాదన్న మనిషి ఆమే. "ఎట్లాగూ పెన్ను విప్పావుగా. కానియ్, నా పేరు కింద కూడా తేదీ వెయ్యి."

"నాదీ" అంది దేశాంక. ఆ తర్వాత ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. నాదీ, నాదీ అంటూ అందరూ బల్ల చుట్టూ మూగారు. దొర ఒక్కో ముఖమే చూస్తూ వచ్చాడు. బయట డప్పులు మోగుతున్నాయి, మంత్రి వచ్చి కూర్చున్నాడు. తేదీ వెయ్యకుండానే కాగితాలు చంకలో పెట్టుకుని, "మ్యాచ్ కానివ్వండి, మీ సంగతి చెప్తా" అని వెళ్లిపోయాడు.

మ్యాచ్ కానివ్వలేదు వాళ్లు. జిగురు డబ్బా ఒకరి తర్వాత ఒకరు అందుకుని, రోజూ ఆటకు పూసుకున్నట్టే చేతులకు పూసుకున్నారు. డబ్బాతో సహా ఆట కోర్టు మధ్యకెళ్లి వరసగా కూర్చున్నారు, ముందు వరసలో చంకకర్రలతో ఉన్న రుజిత్సను తీసుకొచ్చి, ఆమె చేతులకూ జిగురు పూసి తమ నడుమ కూర్చోబెట్టుకున్నారు, చేతులు కలిపి పట్టుకున్నారు. రిఫరీ ఈల వేసినా ఎవరూ లేవలేదు. స్టాండ్లలో గుమ్మడి గింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది.

"మాట్లాడవే, చూసింది నువ్వేగా" అంది దేశాంక.

నెవెన కూర్చున్నచోటి నుంచే అరిచింది. కాంట్రాక్టు కింద కాగితం గురించి, తేదీ గురించి, మోకాలు గురించి చెప్పింది. భయం తగ్గలేదు. భయపడుతూనే చెప్పింది.

పోలీసులు కోర్టులోకి దిగారు. వరస చివర కూర్చున్న నెవెనను ఒకడు రెక్క పట్టుకుని లాగాడు. ఆమె చెయ్యి రుజిత్స చేతి నుంచి ఊడలేదు. జిగురు. ఇంకా గట్టిగా లాగాడు. నెవెనతో పాటు రుజిత్స, ఆమెతో పాటు తియానా, వరస మొత్తం కదిలింది గానీ ఒక్క చెయ్యీ విడిపోలేదు. రుజిత్స నొప్పితో కేక పెట్టింది.

ఆ కేకకు పై వరసలో ఒకావిడ లేచింది. ఫ్యాక్టరీలో సిమెంటు బస్తాలు కుట్టే మనిషి.

"వదలరా ఆ పిల్లని!" అంది. "పనిలో చేరిన రోజే మా చేతా రాయించుకున్నాడు అలాంటి కాగితం. తేదీ లేదు. కడుపొస్తే వేస్తాడు, చెయ్యి విరిగితే వేస్తాడు. నాది కూడా ఉంది ఆ బీరువాలో!"

"నాదీ ఉంది!" అన్నాడు బట్టీ దగ్గర పనిచేసే ముసలాయన. ఈ మూల నుంచి ఒకరు, ఆ మూల నుంచి ఒకరు లేచారు. మంత్రి పక్క కుర్చీలో దొర మాత్రం కూర్చునే ఉన్నాడు. చెక్కమెట్లు దడదడలాడాయి. మనుషులు అడ్డుకంచె దాటి కోర్టులోకి దిగుతున్నారు. ఆ బస్తాలు కుట్టే ఆవిడ అందరికంటే ముందు వచ్చి నెవెన పక్కన చతికిలబడి, సిమెంటుకు పగిలిన అరచెయ్యి చాపింది.

"ఆ జిగురు డబ్బా ఇటియ్యమ్మా" అంది.